బ్రేకు పెడల్ మెత్తబడితే ఏది మేలు: ఎయిర్ తీయించడమా, ఆయిల్ మార్చడమా, మాస్టర్ సిలిండర్ వేయించడమా?

రాయచోటి నుంచి గువ్వలచెరువు ఘాట్ దిగి కడప చేరేసరికి పెడల్ మెత్తబడిందని బండి షెడ్డుకు వస్తే, ఒకరు బ్రేకు పైపుల్లో చేరిన ఎయిర్ తీస్తే చాలంటారు, ఇంకొకరు బ్రేకు ఆయిల్ మార్చమంటారు, మూడోవారు మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే పంపు) పోయిందంటారు. మూడూ నిజం కావచ్చు. ఏది మీ బండికి సరిపోతుందో పెడలే చెబుతుంది. అది చూడకుండా మొదటే మాస్టర్ సిలిండర్ విప్పించడం డబ్బు దండగ.

ఇంజన్ ఆపి పెడల్‌ను ఐదారుసార్లు తొక్కండి, కాలి బలాన్ని పెంచే బూస్టర్‌లోని వ్యాక్యూమ్ దిగిపోతుంది. తర్వాత గట్టిగా తొక్కి అరనిమిషం అలాగే పట్టి ఉంచండి. స్పాంజిలా కిందికీ పైకీ ఆడుతూ, పంపు కొట్టే కొద్దీ గట్టిపడితే లైనులో గాలి ఉంది. గట్టిగా ఆగినట్టే ఆగి మెల్లగా నేలకు దిగిపోతుంటే, బయట ఎక్కడా చెమ్మ లేకుంటే, మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు ఆయిల్‌ను వెనక్కి వదిలేస్తున్నాయి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి ఘాట్ దిగాకే మెత్తబడితే ఆయిల్ మరిగి బుడగలు కట్టింది. స్పాంజిలా లేకుండా ఉత్తినే లోతుకు పోయి, రెండోసారి తొక్కితే పైన అందుకుంటే వెనక చక్రాల డ్రమ్ముకూ, లోపల దాన్ని ఒరిసి ఆపే షూలకూ మధ్య సందు పెరిగి ఉంటుంది. ఇది అడ్జస్ట్‌మెంట్ పని, ఏ పార్టూ మార్చక్కర్లేదు. ఇంజన్ స్టార్ట్ చేయగానే పెడల్ కొద్దిగా కిందికి జారితే భయపడొద్దు, అది బూస్టర్ పనిచేస్తోందనడానికి గుర్తు.

ఆయిల్ ఇటీవలే మార్చి ఉండి, కాలిపర్ (పాడ్లతో డిస్కును పట్టి ఆపే భాగం) గానీ పైపు గానీ విప్పినందువల్ల గాలి చేరితే ఎయిర్ తీయడం ఒక్కటే చాలు. స్టీరింగ్ కుడివైపున్న మన బళ్లలో చాలావాటికి ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టి కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు వరుసలో వస్తారు. బండి మాన్యువల్ వేరే వరుస చెబితే దాన్నే పాటించాలి. నిపుల్‌కు (చక్రం దగ్గర గాలి వదిలే చిన్న స్క్రూకు) రింగు స్పానరే వాడాలి, ఓపెన్ స్పానర్‌తో అంచులు అరిగిపోతాయి. లోపలి బుడగలు కనిపించే ట్యూబు తగిలించి, దాని కొస ఆయిల్ పోసిన సీసాలో ముంచాలి. లోపల ఒకరు తొక్కి పట్టుకుంటే బయట ఒకరు నిపుల్ వదులు చేసి, మళ్లీ బిగించాకే పెడల్ వదలమనాలి. ముందే వదిలితే గాలి తిరిగి లోపలికి పీలుస్తుంది. మాస్టర్ సిలిండర్ మీది డబ్బాలో ఆయిల్ కనిష్ఠ గీత కిందికి పోకూడదు. పాత బళ్లలో పెడల్ కింద చెక్క ముక్క పెట్టడం చాలామంది మరిచిపోతారు. అడుగుదాకా తొక్కితే మాస్టర్ సిలిండర్ రబ్బర్లు మామూలుగా ఎన్నడూ వెళ్లని, తుప్పు పట్టిన చోటికి వెళ్లి చిరుగుతాయి. అంతవరకు బాగున్న సిలిండర్ ఆ పనితోనే చెడుతుంది. ఎంత తీసినా గాలి పోకుంటే కాలిపర్లు చూడండి. కుడిది ఎడమకు వేసి ఉంటే నిపుల్ కిందికి వచ్చి గాలి పైనే చిక్కుకుంటుంది. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) యూనిట్‌లోకి గాలి పోతే మాత్రం స్కానర్‌తో వాల్వులు ఆడించే షెడ్డుకే వెళ్లాలి.

ఆయిల్ డికాషన్ రంగుకు తిరిగినా, రెండేళ్లు దాటినా ఎయిర్ తీసి సరిపెట్టడం కన్నా మొత్తం మార్చడమే మేలు. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. మన ప్రాంతం పొడి కదా, నీరెక్కడిది అనుకోవద్దు, రెండు వానాకాలాలు చాలు. డాట్ 3 గ్రేడు బ్రేకు ఆయిల్ కొత్తది మరిగేందుకు కనీసం 205 డిగ్రీలు కావాలి, 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు ఇవే 230, 155. బండెడు మనుషులతో, ఎండాకాలంలో, రెండో గేరు వేయకుండా బ్రేకు మీదే ఘాట్ దిగితే ఆ తేడా కాలికి తెలుస్తుంది. డాట్ 3 ఉన్న బండికి డాట్ 4 పోయవచ్చు. డాట్ 5 మాత్రం సిలికాన్‌ది, ఇందులో కలపకూడదు. చిన్న కారుకు సుమారు లీటరు తెచ్చుకోండి, నాలుగు చక్రాల దగ్గరా రంగు తేటబడేదాకా వదలాలి. సగం వాడి నెలల తరబడి అరలో పెట్టిన సీసా వద్దు. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

మాస్టర్ సిలిండర్ మీద అనుమానం వస్తే, విప్పేముందు పైపులు తీసి రంధ్రాలకు సరైన ప్లగ్గులు బిగించి, గాలి తీసి, తొక్కి చూడమనండి. రాయిలా నిలబడితే సిలిండర్ బాగుంది, లోపం ఇంకెక్కడో ఉంది: వెనక వీల్ సిలిండర్ చెమ్మ, ఉబ్బిన రబ్బరు పైపు, పాడ్ల దగ్గర. దిగిపోతే మార్చాల్సిందే. అప్పుడు కిట్ (లోపలి రబ్బర్ల సెట్టు మాత్రమే) వేయించాలా, కొత్త సిలిండరా? కొత్తదే. కిట్ చవకే, కానీ సిలిండర్ లోపలి గోడ గీతలు పడి ఉంటే కొత్త రబ్బర్లూ కొద్ది నెలల్లో అలాగే అరుగుతాయి. కిట్టే వేయిస్తే రబ్బర్లను పెట్రోలు, కిరసనాయిలుతో కడగనివ్వొద్దు, ఉబ్బిపోతాయి. కొత్త బ్రేకు ఆయిల్‌తోనే తడపాలి. కొత్త సిలిండర్‌ను బండికి ఎక్కించేముందే బల్ల మీద గాలి తీయాలి.

ఏ పని చేయించినా బండి కదిలించక ముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. ఇంజన్ నడుస్తుండగా అరనిమిషం పట్టి చూడండి. చదునైన రోడ్డు మీద నడక వేగంతో నాలుగైదుసార్లు ఆపి, నిపుల్స్ దగ్గర చెమ్మ లేదని వేలితో తడిమాకే ఘాట్ వైపు తిప్పండి.