నిస్సానా, డాట్సనా? ఒకే ఇంట్లో రెండింటినీ నడిపిన అనుభవం

ఒకే కంపెనీ, ఒకే షోరూం, ఒకే కుటుంబానికి చెందిన ఇంజిన్. ధరలో మాత్రం లక్షన్నరకు పైగా తేడా. 2014లో నిస్సాన్ మైక్రా, డాట్సన్ గో పక్కపక్కన నిలబడినప్పుడు కొనేవాళ్లను తికమకపెట్టిన విషయం ఇదే. మా ఇంట్లో రెండూ ఉన్నాయి. నేను 2013లో మైక్రా ఎక్స్‌వీ పెట్రోలు తీసుకున్నాను. మరుసటి ఏడు దసరాకు మా తమ్ముడు గో కొన్నాడు. మధ్యలో రాష్ట్రం ఏర్పడింది కాబట్టి నా బండిది ఏపీ నంబరు, వాడిది టీఎస్ నంబరు. మలక్‌పేటలో కింది వాటాలో మేము, పై వాటాలో వాళ్లు. తాళాలు రెండూ ఒకే మేకుకు వేలాడుతుంటాయి, ఎవరికి ఏది వీలైతే అది తీసుకెళతారు. అలా రెండింటినీ ఒకే రోడ్ల మీద ఏళ్ల తరబడి నడిపాను.

డాట్సన్ కొత్త పేరేమీ కాదు. 1980లలో నిస్సాన్ పక్కన పెట్టేసిన తన పాత పేరును 2012లో మళ్లీ బయటికి తీసింది. భారత్, ఇండోనేషియా, రష్యా వంటి దేశాల్లో మొదటిసారి కారు కొనేవాళ్ల కోసం చవక బ్రాండుగా నిలబెట్టాలని ఉద్దేశం. తొలి కారు గోను 2013 జూలైలో మన దేశంలోనే ప్రపంచానికి చూపించారు. 2014 మార్చిలో ఢిల్లీ ఎక్స్‌షోరూం ధర రూ. 3.12 లక్షల నుంచి అమ్మకాలు మొదలయ్యాయి. మైక్రా లాగే ఇదీ చెన్నై దగ్గర ఒరగడం ఫ్యాక్టరీలోనే తయారైంది. సర్వీసు కూడా నిస్సాన్ వర్క్‌షాపుల్లోనే.

ఇంజిన్ విషయంలో తమ్ముడు నష్టపోయిందేమీ లేదు. రెండింటిలోనూ 1.2 లీటర్ల మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజినే. మైక్రాలో 76 హార్స్‌పవర్, గోలో 68. కాగితం మీద మైక్రాదే పైచేయి, కానీ గో వంద కిలోలకు పైగా తేలిక. చాదర్‌ఘాట్ నుంచి కోఠి వైపు ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో, రెండో గేరులో చిన్నగా తొక్కితే ముందుకు దూకేది గోనే. మైలేజీ కూడా దానిదే కాస్త మెరుగు. ఊళ్లో తిరగడానికి మా ఆవిడ ఇప్పటికీ గో తాళమే అందుకుంటుంది. స్టీరింగ్ తేలిక, ముందుభాగం చక్కగా కనిపిస్తుంది, సందుల్లో తిప్పడం సులువు.

మరి ఆ లక్షన్నర ఎక్కడ తగ్గింది? కొంత కంటికి కనిపిస్తుంది. 2014 గోలో స్టీరియో లేదు, ఆ చోట ఫోను పెట్టుకునే స్టాండు ఇచ్చారు. డ్యాష్‌బోర్డు గూటికి మూత లేదు. చక్రాలు 13 అంగుళాలవి, మైక్రావి 14. పెట్రోలు ట్యాంకు 35 లీటర్లు, మైక్రాలో 41. శబ్దాన్ని ఆపే పొరలు పలుచన కాబట్టి వానాకాలంలో టాప్ మీద పడే చినుకుల చప్పుడుకు వెనక సీట్లోవాళ్ల మాట సరిగ్గా వినపడదు.

హ్యాండ్‌బ్రేక్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. గోలో అది సీట్ల మధ్య ఉండదు. డ్యాష్‌బోర్డు కింద గొడుగు పిడిలాంటి ఒక కడ్డీ ఉంటుంది. లాగితే బ్రేకు పడుతుంది, మెలితిప్పి లోపలికి తోస్తే వదులుతుంది. ముందు రెండు సీట్లనూ బెంచీలా కలిపారు కాబట్టి మామూలు లివరుకు అక్కడ చోటు లేదు. ఫ్లైఓవర్ ఎక్కే చోట ట్రాఫిక్ ఆగి, వెనక ఆర్టీసీ బస్సు ఆనుకుని నిలబడినప్పుడు దీని అసలు స్వభావం తెలుస్తుంది. లివరైతే వేలితో బొత్తాం నొక్కి, క్లచ్ పట్టు తెలిసేకొద్దీ కొంచెం కొంచెంగా దించవచ్చు. ఈ కడ్డీతో ఆ నాజూకు కుదరదు, ఒక్కసారిగా వదులుతుంది. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్లను ఈ కారుతో ఎత్తు మీదికి పంపను.

ఇవన్నీ సర్దుకుపోగల విషయాలే. స్టీరియో తర్వాత బిగించుకున్నాడు, గూటికి మూత లేకపోతే ప్రాణం పోదు. నన్ను నిజంగా కలవరపెట్టింది వేరే. కారు ఇంటికొచ్చిన మరుసటి నెలలోనే, 2014 నవంబరులో, కార్ల భద్రతను పరీక్షించే సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ ఢీకొట్టే పరీక్షల ఫలితాలు ప్రకటించింది. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఢీకొన్నప్పుడు గోకు పెద్దల రక్షణలో సున్నా నక్షత్రాలు వచ్చాయి. ఎయిర్‌బ్యాగులు లేని కార్లకు సున్నా రావడం అప్పట్లో వింతేమీ కాదు. అదే ఏడు జనవరిలో ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో అన్నింటికీ సున్నాయే వచ్చింది. అయితే ఫిగో, పోలోల బాడీ నిలబడింది. అందుకే ఎయిర్‌బ్యాగులు పెట్టిన పోలో నాలుగు నక్షత్రాలు తెచ్చుకోగలిగింది. గో విషయంలో మాత్రం బాడీయే కుప్పకూలింది, ఎయిర్‌బ్యాగులు పెట్టినా ప్రయోజనం ఉండదని ఆ సంస్థ తేల్చింది. కారును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాలని దాని అధ్యక్షుడు మాక్స్ మోస్లీ అప్పటి నిస్సాన్ అధినేత కార్లోస్ ఘోన్‌కు లేఖ రాశారు.

ఆ వార్త చదివిన రాత్రే ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. గో ఊరు దాటకూడదు, అంతే. విజయవాడ వెళ్లాలన్నా, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాలన్నా మైక్రానే. అందులో ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంది, డ్రైవరుకు ఎయిర్‌బ్యాగ్ ఉంది. ఆ నియమం ఇప్పటికీ సడలించలేదు. రెండు కార్లున్న ఇల్లు కాబట్టి మాకు అది సాధ్యమైంది. ఉన్నది ఆ ఒక్క కారే అయిన కుటుంబం పండక్కి పిల్లలతో సొంతూరికి ఎందులో వెళుతుంది? చవక బ్రాండు పేరుతో ఖర్చు తగ్గించడం మీద నాకున్న అభ్యంతరం ఇక్కడే. మూత తీసేయండి, స్టీరియో తీసేయండి, రంగులు తగ్గించండి. ప్రమాదంలో మనిషి చుట్టూ నిలబడాల్సిన ఉక్కు దగ్గర పొదుపు చేయకూడదు. ఆ లోటును కొన్నవాడు తర్వాత ఎంత డబ్బు పోసినా పూడ్చుకోలేడు.

ఇక విడిభాగాలు. 2022 ఏప్రిల్‌లో డాట్సన్‌ను మన దేశంలో ఆపేస్తున్నామని నిస్సాన్ ప్రకటించగానే ఇంటికొచ్చిన బంధువులంతా "బండి ఇక తుక్కే కదా" అని తమ్ముడిని పరామర్శించారు. అలా ఏమీ జరగలేదు. ఆయిల్ ఫిల్టరు, ప్లగ్గుల వంటివి రాణిగంజ్‌లో మైక్రా పేరు చెబితే చాలు, అమ్మేవాడు అర నిమిషంలో తీసి బల్ల మీద పెడతాడు. అసలు బ్రాండుతో ఇంజిన్ పంచుకోవడం వల్ల కలిగిన పెద్ద మేలు ఇది. కానీ ఒకసారి ఆటో తగిలి వెనక దీపం పగిలినప్పుడు సంగతి వేరుగా ఉంది. గో ఒంటి మీది దీపాలు, బంపర్లు, తలుపు రేకులు దానికి మాత్రమే సరిపోతాయి. నాలుగు దుకాణాలు తిరిగాక పాతసామాను వ్యాపారి దగ్గర, మరో గో నుంచి విప్పిన దీపం దొరికింది. కాబట్టి ఆగిపోయిన సబ్‌బ్రాండు కారు ఉన్నవాళ్లు ఇంజిన్ గురించి కంగారు పడనక్కర్లేదు, గీతలు, సొట్టలు పడకుండా చూసుకోవాలి.

అమ్మకపు ధర విషయం రెండు ముక్కల్లో చెబుతాను. మైక్రా కూడా 2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఆగిపోయింది. అయినా నిస్సాన్ పేరు రోడ్డు మీద ఉంది, మాగ్నైట్ అమ్ముడవుతోంది. దాంతో మైక్రాను చూడటానికి వచ్చినవాడు బేరం ఆడతాడు. గో అనగానే అసలు రావడానికే వెనకాడతాడు.

ఈ రెండింటిలో ఒకటి పాతది కొనాలనుకునేవారికి నా సలహా సూటిగా ఉంటుంది. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ ఉన్న మైక్రా దొరికితే అదే తీసుకోండి. గోనే కావాలంటే 2018 అక్టోబరులో మార్పులు చేసి తెచ్చిన మోడల్ నుంచి చూడండి. దానికి రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ అన్ని వేరియంట్లలోనూ ఇచ్చారు, చక్రాలు కూడా 14 అంగుళాలవి. అంతకుముందువి ఎంత చవకగా వచ్చినా, హైవే ఎక్కే అవసరం ఉన్న ఇంటికి వద్దనే అంటాను. చూడటానికి వెళ్లినప్పుడు స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పండి. మీటరులో ఏబీఎస్ దీపం, ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి కాసేపటికి ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, వెలిగి ఆరకపోయినా ఆ లోపం ఏమిటో వర్క్‌షాపులో తేలేదాకా బయానా ఇవ్వకండి.