పక్కింటి పనైనా సరే, రేటు మాట్లాడుకోకుండా చెయ్యి పెట్టకండి

మన విజయవాడ సింగ్‌నగర్‌లో కరెంటు, ప్లంబింగ్ పనులు చేసుకునే అన్నదమ్ములందరికీ చెప్తున్నాను. పొద్దున్నే జరిగింది, ఇంకా ఒళ్లు మండిపోతోంది. మా లైన్‌లో ఆ మేడ ఇల్లు ఎవరిదో మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. అక్కడి నుంచి ఫోనొస్తే మాత్రం ఇది గుర్తుపెట్టుకోండి.

వాళ్లమ్మాయి పురిటికి వస్తోందని, ఇంట్లో చిన్న చిన్న పనులున్నాయని పోయిన వారం పిలిచారు. నేను రేటు మాట్లాడలేదు. తప్పంతా అక్కడే జరిగింది. కానీ వాళ్ల దగ్గర ఎలా మాట్లాడతాను? 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి వరద మా ఇంట్లోకి వచ్చినప్పుడు నా పిల్లలిద్దరూ పడుకున్నది వాళ్ల మేడ మీదే. నీళ్లు తీశాక వాళ్ల కింది పోర్షన్‌లో బురద పట్టిన స్విచ్ బోర్డులన్నీ ఊడదీసి, కొత్తవి బిగించి, ఒక్క రూపాయి తీసుకోలేదు నేను. ఆ రోజుల్లో ఎవరం ఎవరినీ డబ్బులు అడగలేదు, అది వేరే సంగతి.

ఇప్పుడు నాలుగు రోజుల పని. ట్యాంకు కడిగాను, రెండు కుళాయిలు మార్చాను, ఫ్యాన్‌కి కెపాసిటర్ వేశాను, గోడలకి హోల్స్ కొట్టి కర్టెన్ రాడ్లు బిగించాను. అన్నిటికంటే ముఖ్యం గీజరు. రెండు కిలోవాట్ల గీజరుని మామూలు ఆరు ఆంప్స్ సాకెట్‌లో పెట్టి వాడుతున్నారు. ప్లగ్గు లాగితే పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ కరిగి నల్లగా అయిపోయింది, సాకెట్ ముక్క ఒకటి దానికి అంటుకుని వచ్చింది. బాలింత స్నానం చేసే బాత్రూం అది. మెయిన్ బోర్డు నుంచి విడిగా రెండున్నర స్క్వేర్ ఎంఎం లావు వైరు లాగి, ఎర్తింగ్ చూసి, పదహారు ఆంప్స్ పవర్ ప్లగ్గు, విడిగా ఎంసీబీ (కరెంటు ఎక్కువ లాగితే తనే ఆపేసే స్విచ్చు) పెట్టాను. సామాన్లన్నీ నా ఖాతాలోనే తెచ్చాను, 2,370 రూపాయలు. కూలి మూడు వేలు వేసుకున్నాను. బయటివాళ్లకైతే ఇంకా ఎక్కువే అడుగుతాను.

ఈ రోజు మా చిన్నోణ్ణి స్కూల్లో దింపడానికి వెళ్తూ గేటు దగ్గర ఆగి చీటీ ఇచ్చాను. ఆ ఇంటి పెద్దాయన చూసి, "ఇదేంటి అబ్బాయ్, బిల్లా?" అన్నాడు. "సామాన్ల డబ్బులు షాపులో కట్టాలి బాబాయ్ గారూ" అన్నాను. "నాలుగు రోజులూ భోజనం పెట్టాం, పూటకి రెండు టీలిచ్చాం" అన్నాడు. దానికి కూడా నేనేమీ అనలేదు. అప్పుడు వెనక అల్లుడు నిలబడి ఉండగా అన్న మాట ఇది: "వరదలో మీ పిల్లల్ని వారం రోజులు మా ఇంట్లో ఉంచుకున్నాం. దానికి మేం చీటీ రాసిచ్చామా?"

నా కొడుకు బండి మీద నా ముందే కూర్చుని ఉన్నాడు. అంతా విన్నాడు. ఆయన జేబులోంచి ఐదొందల నోటు తీసి, నా చేతికి ఇవ్వకుండా ప్రహరీ గోడ మీద పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద కాఫీ గ్లాసు పెట్టి లోపలికెళ్లిపోయాడు. నేను ముట్టుకోలేదు. దారి పొడవునా వాడు ఒకటే అడిగాడు, "మనం ఆ తాతయ్య వాళ్లింట్లో ఉన్నందుకు డబ్బులివ్వాలా నాన్నా?" అని. ఏం చెప్పాలో తెలియలేదు.

ఆ మేలు నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా. అది అడిగితే ఇప్పటికీ చేతులెత్తి దండం పెడతాను. కానీ నా నాలుగు రోజుల కూలిని దానికి చెల్లు వేసే హక్కు ఆయనకి లేదు. వద్దనుకుంటే పిలిచిన రోజే "ఊరికే చెయ్యి" అని అడగాల్సింది. అప్పుడు నా ఇష్టం, చేసేవాణ్ణో మానేవాణ్ణో.

సామాన్ల డబ్బులు ముందే తీసుకోండి. రేటు వాట్సాప్‌లో పెట్టి, అవతలివాళ్లు "సరే" అన్నాకే పని మొదలుపెట్టండి. నా దగ్గర మిగిలిందల్లా షాపు బిల్లు, గీజరు బాగా పనిచేస్తోందని ఆయన పంపిన వాయిస్ మెసేజ్. ఉచిత న్యాయ సాయానికి 15100 నంబరు ఉంది, లోక్ అదాలత్‌లో పెడితే కోర్టు ఫీజు ఉండదు. సోమవారం ఆ బిల్లూ, మెసేజూ పట్టుకుని అక్కడికే వెళ్తున్నాను. షాపులో 2,370 ఇంకా నా పేరు మీదే ఉంది.