పాత సైకిలు బంగారమే, ఆ కాటర్ పిన్ను సంగతే వేరు

పాత స్టీలు రోడ్‌స్టరును (నిటారుగా కూర్చుని తొక్కే బరువైన సైకిలు) నట్టు నట్టుగా విప్పి, తుప్పు వదిలించి, మళ్లీ బిగించి నాలుగేళ్లకు పైగా తొక్కాక రాస్తున్నాను. ఫ్రేము, నల్లరంగు, బంగారు గీతలు, స్ప్రింగుల సీటు గురించి పొగడని వాళ్లు లేరు కాబట్టి అవి వదిలేస్తా. నా కసంతా క్రాంకును, అంటే పెడల్ బిగించే ఇనప చేతిని, ఇరుసుకు పట్టి ఉంచే వేలెడంత ఇనప ముక్క మీద.

చూడ్డానికి బోల్టులా ఉంటుంది గానీ కాటర్ పిన్ను బోల్టు కాదు. గొడ్డలి కామ వదులైతే కొట్టే చీల లాంటిది. ఒక పక్క ఏటవాలుగా చదును చేసి ఉంటుంది. ఆ చదును ఇరుసు మీది గాడికి ఒత్తుకుని కూర్చుంటేనే క్రాంకు నిలుస్తుంది. చివర ఉన్న చిన్న నట్టు పిన్ను వెనక్కి రాకుండా కాపు మాత్రమే. కొత్తవాళ్లు సగం మంది ఇక్కడే దెబ్బ తింటారు. పానా పెట్టి నట్టు తిప్పుతూ పిన్నును లోపలికి లాగాలని చూస్తారు. ఆ సన్నటి మరలకు అంత బలం ఎక్కడిది? చెరిగిపోతాయి. పిన్ను అక్కర్లేని నలుపలకల ఇరుసు 1930ల్లోనే వచ్చింది, అయినా రోడ్‌స్టర్లు ఆ తర్వాత దశాబ్దాల పాటు ఈ చీలనే నమ్ముకున్నాయి.

ఇది చెడిపోయే తీరు మరీ చిరాకు. ఒక్కసారిగా విరిగితే బాధ లేదు. చుట్టుకొకసారి, పాదం కిందికి నొక్కేటప్పుడు 'టక్' మంటుంది. ముందు పెడల్ ఇరుసును అనుమానిస్తాం, తర్వాత చైనును, సీటు గొట్టాన్ని. అన్నిటికీ నూనె పోసినా చప్పుడు పోదు. ఈ తిరుగుడంతా తప్పించుకోవాలంటే ఓ పరీక్ష ఉంది. బ్రేకు పట్టుకుని, క్రాంకులు రెండూ నేలకు సమాంతరంగా పెట్టి, రెండు పెడళ్ల మీదా బరువు వెయ్యాలి. అర చుట్టు తిప్పి మళ్లీ వెయ్యాలి. పిన్ను వదులైన వైపు క్రాంకు వెంట్రుకవాసి జరుగుతుంది. క్రాంకూ ఇరుసూ కలిసే చోట వేలు ఆనిస్తే చెవి కంటే ముందు వేలికే తెలుస్తుంది. క్రాంకులు పట్టుకుని పక్కకు ఊపినప్పుడు రెండూ కలిసి కదిలితే మాత్రం పిన్నును తిట్టకండి, వదులైంది కప్పు, అంటే ఇరుసు బాల్సు తిరిగే గిన్నె.

చప్పుడే కదా అని తొక్కుతూ పోతే పిన్ను చదును మీద మెట్టు పడుతుంది. గాడి అంచు స్టీలులోకి దిగి, మధ్యలో మెరిసే గుంట, పక్కన గట్టులా లేచిన లోహం కనిపిస్తాయి. ఆ స్థితికి వచ్చిన పిన్నును ఎంత కొట్టి బిగించినా నిలవదు. ఇంకా ఆలస్యం చేస్తే ఇరుసు గాడి అంచులే గుండ్రమవుతాయి. అప్పుడు పిన్నుతో పోదు, ఇరుసు మార్చాలి.

ఊడదీయడం అసలు పరీక్ష. ముందు రోజు రాత్రి తుప్పు వదిలించే నూనె రెండు వైపులా పోసి వదిలెయ్యాలి. మర్నాడు నట్టును పూర్తిగా తియ్యకుండా, దాని పైభాగం మర కొసతో సమంగా వచ్చేదాకా వదులు చెయ్యాలి. దెబ్బ నట్టు మీద పడితే మర బతుకుతుంది. సుత్తి వాడేటట్టయితే కిలో బరువున్నది తీసుకుని ఒకటి రెండు దెబ్బల్లో తేల్చెయ్యాలి. చిన్న సుత్తితో ఇరవై సార్లు తడితే పిన్ను రాదు, కొస పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, క్రాంకు కింద ఆసరా. పిన్ను తల దూరేంత లావు ఇనప గొట్టాన్ని సరిగ్గా క్రాంకు ఎత్తుకు కోసి నేల మీద నిలబెట్టాలి. అది లేకుండా కొడితే దెబ్బంతా ఇరుసు మీదుగా బాల్సుకు పోయి కప్పుల్లో గుంటలు పెడుతుంది. ఆ తర్వాత ఎంత గ్రీజు పెట్టినా గరగర పోదు.

నిజానికి సుత్తే వద్దంటాను. గట్టి సీ క్లాంపు, అంటే మర తిప్పి నొక్కే 'సి' ఆకారపు పట్టు, ఉంటే చాలు. మర ఉన్న వైపు క్లాంపు మర, పిన్ను తల వైపు చిన్న గొట్టం ముక్క. నిదానంగా బిగిస్తూ పోతే ఫట్ మని తుపాకీ పేలినట్టు వదులుతుంది. భయపడక్కర్లేదు, అది శుభవార్త. కొస వంగిపోయి ఏదీ పనిచెయ్యకపోతే మరను సమంగా కోసేసి, నడిమధ్య పంచు గుర్తు పెట్టి, ముందు 3 మి.మీ., తర్వాత 6 మి.మీ. డ్రిల్లు వెయ్యాలి. లోపల గుల్లయ్యాక పిన్ను పట్టు సడలుతుంది, పంచుతో కొడితే వస్తుంది. పిన్ను పూర్తి లావున డ్రిల్లు వేస్తే క్రాంకు రంధ్రమూ, ఇరుసు గాడీ రెండూ పోతాయి.

కొత్త పిన్ను కొనేముందు సన్నటి కొలతలు తీసే వెర్నియర్‌తో పాతది కొలవండి. బ్రిటిష్ సైకిళ్లకు 9.5 మి.మీ., ఐరోపా సైకిళ్లు చాలావాటికి 9. ఆ అర మిల్లీమీటరు తేడాతో వేసిన పిన్ను నెల తిరక్కముందే మళ్లీ టక్ అంటుంది. లావు కుదిరినా చదును వాలు కుదరాలి. దానికి మార్కర్ సిరా చాలు. చదును మొత్తం సిరా పూసి, పిన్నును చేత్తో గట్టిగా నొక్కి, వెనక్కి తీసి చూడండి. సిరా ఎక్కడ చెరిగితే అక్కడే తగులుతోంది. ఒక్క కొసనే చెరిగితే ఆకురాయి పట్టాల్సిందే. కొసలు గుండ్రం కాకుండా, పూర్తి నిడివిన ఒకే దిశలో, రెండు మూడు తోపులకొకసారి సరిచూస్తూ. ఇక్కడ ఆశపడి ఎక్కువ రాకితే ఇంకో మోసం: పిన్ను మరీ లోపలికి పోయి, నట్టు మర చివరికంటా దిగి ఆగిపోతుంది. నట్టు బిగుసుకుంటుంది, పిన్ను బిగియదు.

రెండు పిన్నులూ ఎదురెదురు దిశల్లో పడాలి. ఏ క్రాంకు కిందికి ఉన్నా దాని నట్టు ఒకే పక్కకు కనిపించాలి. తప్పితే పెడళ్లు ఒకే గీతలో ఉండవు, తొక్కుతుంటే కుంటి నడకలా ఉంటుంది. బిగించేదీ క్లాంపుతోనే, నట్టు ఆ తర్వాత. సుమారు 20 కిలోమీటర్లకు ఒకసారి, 100కు ఇంకోసారి మళ్లీ నొక్కి నట్టు సరిచెయ్యాలి. ఎక్కువమంది ఎగ్గొట్టేది ఈ పనే. నా సైకిలు ఎడమ పిన్ను పోయిందీ ఇందుకే.

ఈ క్రాంకు సెట్టు ఒకసారి బిగిస్తే ఏళ్ల తరబడి చూడక్కర్లేదని మొదట్లో అడిగినవాళ్లందరికీ చెప్పాను. ఆ మాట కప్పులకూ బాల్సుకూ వర్తిస్తుంది, అదీ సీటు గొట్టం గుండా వాన నీళ్లు దిగకపోతే. పిన్ను ఎలాగూ తీశారు కాబట్టి లోపల కూడా చూసెయ్యండి. వైపుకు పావు అంగుళం బాల్సు 11. ఒక్కటి గుంట పడినా అన్నీ మార్చాలి, పాతవీ కొత్తవీ కలపొద్దు. కుడి కప్పు ఎడమ మర, అంటే ఊడాలంటే గడియారం దిశలో తిప్పాలి. రాలీ కంపెనీ ఫ్రేముల్లో చాలావాటికి అంగుళానికి 26 మరలు, మామూలు బ్రిటిష్ కప్పులకు 24. కప్పు రెండు చుట్లు తిరిగి ఆగిందంటే బలవంతం చెయ్యకుండా మరలు లెక్కపెట్టుకోండి.

ఈ సైకిలు మెత్తగా పోతుందని జనం పొగిడే పొగడ్తలోనూ ఫ్రేము వాటా అనుకున్నంత లేదు, లావు టైర్లదీ సీటు స్ప్రింగులదీ ఎక్కువ. టైరు మార్చేవాళ్లు 28 అంగుళాలన్న మాట నమ్మకుండా 635 అన్న అంకె (టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం, మి.మీ.ల్లో) చూసుకోండి, 700సీ టైరు కొలత 622, ఈ రిమ్ముకు ఎక్కదు. వాన పడినప్పుడు క్రోము రిమ్ము మీద రాడ్ బ్రేకుల (తీగకు బదులు కడ్డీలతో పనిచేసేవి) పట్టు సంగతి తలుచుకోకపోవడమే మేలు.

నా దారి చదును, రోజుకు పది కిలోమీటర్లు దాటదు, సీటు మీంచి లేచి తొక్కను. అందుకే రెండో ఎడమ పిన్ను ఇంతవరకూ కిమ్మనలేదు. ఎత్తెక్కాల్సినవాళ్లూ, నిలబడి తొక్కేవాళ్లూ దీన్ని రోజువారీకి పెట్టుకుంటే నాకంటే ముందే ఆ టక్ వింటారనిపిస్తుంది. సీ క్లాంపూ ఆకురాయీ ఇంట్లో ఉన్నవాళ్లకైతే తీసుకోమనే అంటాను. లేనివాళ్లు సైకిలు కంటే ముందు అవి కొనుక్కోవాలి, ఒకే రకం పిన్నులు నాలుగు కూడా.