పొట్టి కాళ్లకు వాన ప్యాంటు: కొని కత్తిరించాలా, కుట్టించాలా, కేప్ చాలా?

నా ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. ఆ ఎత్తుకు కూడా నా కాళ్లు పొట్టే. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకొని నిలబడి, కాళ్ల మధ్య ఒక అట్టపుస్తకాన్ని పైకి నొక్కిపట్టి, దాని పైఅంచు నుంచి నేల దాకా టేపు పెడితే 64 సెంటీమీటర్లు వచ్చింది. కొట్లో ‘స్మాల్’ అని ఇచ్చిన రెయిన్ ప్యాంటుకు అదే కొలత 75. ఈ 11 సెంటీమీటర్లతోనే మూడు వానాకాలాలు అవస్థ పడ్డాను. సీతానగరంలో ఇల్లు, కృష్ణ అవతల విజయవాడ గవర్నర్‌పేటలో పని. మధ్యలో ప్రకాశం బ్యారేజీ. మొత్తం 5 కిలోమీటర్ల చిల్లర, రోజూ సైకిలు మీదే. వాన పడితే బస్సెక్కడం నాకు ఇష్టం లేదు, అందుకే ఈ వెతుకులాట.

ముందు మన వానల సంగతి చెప్పాలి. విజయవాడలో ఒకే రకం వాన ఉండదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వాన సాయంత్రం పూట దబదబా కురిసి అరగంటలో వెలుస్తుంది. ఒళ్లంతా చెమట, రోడ్డు నుంచి ఆవిరి. అక్టోబరు దాటాక వచ్చేది వేరే. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే రెండు మూడు రోజులు ముసురు, గాలి, కాస్త చలి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వారం ఊరంతా ముసురే. మొదటి వానకు నప్పే బట్ట రెండోదానికి నప్పదు. దుకాణాల్లో ఈ తేడా ఎవరూ అడగరు, చెప్పరు.

అందరం మొదట చేసే పని రెడీమేడ్ రెయిన్‌కోటు సెట్టు కొనడం. అది మోటారు సైకిలు వాళ్ల కోసం చేసింది. మోటారు సైకిలు మీద మోకాళ్లు వంగి ఒకేచోట ఉంటాయి. సైకిలు మీద నిమిషానికి 60 చుట్లు తొక్కితే, 20 నిమిషాల దారిలో ఒక్కో మోకాలు 1200 సార్లు పైకి లేచి దిగుతుంది. ప్రతిసారీ ప్యాంటు తొడ దగ్గర పట్టి లాగుతుంది, లేదా మోకాలి కింద ఉబ్బి ముడుచుకుంటుంది. కాళ్లు పొడుగున్నవాళ్లకు లాగుతుంది, నాలాంటివాళ్లకు ముడుచుకుంటుంది. ఆ ముడతల్లో నీళ్లు నిలబడి, ఎక్కడ కుట్టు ఉంటే అక్కడి నుంచి లోపలికి దిగుతాయి.

కింద మడిచి కుట్టిస్తే సరిపోతుందనుకొని మా వీధి టైలరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ప్యాంటు తిరగేసి చూసి, “కింద కోయటానికి భయం లేదమ్మా. మధ్యలో కుట్టు వేయమంటేనే నేను వేయను. ఈ బట్టకు సూది దిగిన చోట చిల్లు అట్టాగే ఉండిపోద్ది, నూలుబట్టలాగా పూడదు” అన్నారు.

“మరి మోకాలి దగ్గర వంపు ఇచ్చి కుట్టారు కదా బాబాయ్‌గారూ, అది నాకు పిక్క మీదకు వచ్చింది.”

“అది కోసి తెచ్చేది కాదమ్మా. మోకాలు ఎక్కడుండాలో బట్ట కత్తిరించేటప్పుడే చూసుకోవాలి.”

ఈ మాట విన్నాకే నాకు అసలు విషయం అర్థమైంది. పొట్టి కాళ్లవాళ్లం అందరం ప్యాంటు కింది అంచునే చూస్తాం. తప్పు కింద లేదు, పైన రెండు చోట్ల ఉంది. ఒకటి మోకాలు. రెండోది నడుము నుంచి కాళ్ల మధ్య కుట్టు దాకా ఉండే లోతు, టైలర్లు రైజు అంటారు. పొడుగు మనిషికి కోసిన ప్యాంటులో రైజు కూడా పొడుగే. దాన్ని నేను వేసుకుంటే ఆ కుట్టు తొడల మధ్య నాలుగు వేళ్లు కిందకు వేలాడుతుంది. తొక్కుతున్నప్పుడు తొడలు ఒరుసుకోవడం ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. సిగ్నల్ దగ్గర సీటు మీంచి ముందుకు దిగేటప్పుడు ఆ వేలాడే బట్ట సీటు ముక్కుకు తగులుకుంటుంది. కాలు నేలకు ఆనేలోపు సైకిలు ఒకవైపు ఒరుగుతుంది. బెంజి సర్కిల్ దగ్గర వెనక ఆటో ఉండగా నాకిలా జరిగింది. పడలేదు గాని, ఆ రోజు నుంచి ఏ ప్యాంటు కొన్నా రైజే ముందు చూస్తున్నాను.

కాబట్టి రెడీమేడే కొనాలనుకుంటే నడుము సైజు చూసి కొనకండి, నడుముకు ఎలాగూ ఎలాస్టిక్ ఉంటుంది. కొట్లోనే వేసుకొని ఒక స్టూలు మీద కూర్చొని, ఒక మోకాలు ఛాతీ వైపు ఎత్తి చూడండి. కాళ్ల మధ్య కుట్టు ఒంటికి దగ్గరగా ఉంటే, కింద ఎంత పొడుగున్నా ఫరవాలేదు. అది కోయించుకోవచ్చు. కుట్టు వేలాడితే మాత్రం అక్కడే వదిలేసి రండి. ఇంకో మాట. కాళ్లు పొట్టి కదా అని నిలబడి చూసుకొని కోయించకూడదు. పెడలు పైకొచ్చినప్పుడు ప్యాంటు నాకు 4, 5 సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. నేను మొదటిసారి 64కే కోయించుకున్నాను. తొక్కుతుంటే మడమ పైన కాలు బయటపడి, ముందు చక్రం చిమ్మిన నీళ్లన్నీ సాక్సులోకి పోయాయి. రెండో ప్యాంటుకు 68 ఉంచాను, అది సరిపోయింది.

కోసినప్పుడు ఇంకొకటి పోతుంది. చీలమండ దగ్గరి జిప్పు, వెల్క్రో ఆ కోసిన ముక్కతోనే పోతాయి. పైన మిగిలిన గొట్టం వెడల్పు. కుడి కాలి వైపు చైను ఉంటుంది గనక, ఆ వెడల్పు అంచు పళ్ల చక్రంలో పడితే చిరగడంతో ఆగదు, మనిషినే పడేస్తుంది. కోయించే రోజే కొత్త వెల్క్రో పట్టీ కూడా వేయించుకోవాలి. ఈ కింది కుట్టుకు వాటర్‌ప్రూఫ్ చేయకపోయినా నష్టం లేదు, అది ఎలాగూ బూటు మీదే ఉంటుంది.

పిల్లల సైజు కొంటే పోదా అని చాలామంది సలహా ఇచ్చారు. 12 ఏళ్ల పిల్లల ప్యాంటు పొడవు నాకు అచ్చంగా సరిపోయింది, మోకాలు కూడా సరైన చోటే ఉంది. కాని పిల్లలకు తుంటి ఉండదు. పెద్దవాళ్లు అది వేసుకొని సైకిలెక్కితే వారం తిరక్కుండా సీటు దగ్గర కుట్టు విడిపోతుంది. సన్నగా ఉండే కాలేజీ అబ్బాయిలకు మాత్రం ఇది నిజంగా మంచి దారి, ధర కూడా తక్కువ.

ఖరీదైన ‘గాలి ఆడే’ రకం గురించి కూడా అడుగుతుంటారు. గోర్‌టెక్స్ లాంటివి. 1969లో బాబ్ గోర్ టెఫ్లాన్ జాతి పదార్థాన్ని ఒక్క ఊపున సాగదీసి కనిపెట్టిన పొర అది. నీటిబొట్టును ఆపుతుంది, చెమట ఆవిరిని పోనిస్తుంది. అయితే ఆవిరి దానంతటది బయటికి పోదు. లోపల తేమ ఎక్కువ, బయట తక్కువ ఉంటేనే పోతుంది. చలిదేశంలో బయటి గాలిలో ఆవిరి తక్కువ, అక్కడ అది బాగా పనిచేస్తుంది. జులైలో మన ఊళ్లో వాన పడుతున్నప్పుడు బయట కూడా గాలి నిండా ఆవిరే, వేడి 28, 30 డిగ్రీలు. లోపలి చెమట ఎక్కడికి పోవాలి? అంత డబ్బు పోసినా తొడలు తడుస్తాయి. పైగా పొట్టి కాళ్లకు కోత అందులో కూడా దొరకదు. విజయవాడలో తొక్కేవాళ్లకు నేను ఇది వద్దనే చెప్తాను.

ఇక కేప్. భుజాల మీంచి హ్యాండిలు దాకా కప్పే గుడారం లాంటిది. వరినాట్ల రోజుల్లో మా ఊళ్లో యూరియా సంచిని ఒక మూల లోపలికి నెట్టి కొప్పెరలా నెత్తిన వేసుకొనేవాళ్లు. వీపు తడవదు, కాళ్లకు అడ్డం ఉండదు. కేప్ సూత్రం కూడా అదే. దీనికి కాలి పొడవుతో పనే లేదు. రైజు లేదు, మోకాలు లేదు, కోయించడం లేదు. కింద తెరిచి ఉంటుంది గనక గాలి ఆడుతుంది. నైరుతి వానకు ఇంతకంటే హాయైనది నేను వాడలేదు. లోపల మామూలు చుడీదారు ప్యాంటు మోకాలి దాకా మడుచుకుంటే, పనిచోట కాళ్లు తుడుచుకొని కిందకు దించుకోవడమే.

కాని నాది బ్యారేజీ దారి. 1957లో కట్టిన ఆ బ్యారేజీ పొడవు కిలోమీటరు పైచిలుకు. నది నిండుగా ఉండి 70 గేట్లలో చాలావాటిని ఎత్తిన రోజున ఆ వంతెన మీద గాలికి అడ్డం ఏమీ ఉండదు. పక్క నుంచి కొట్టిన గాలి కేప్‌లో దూరితే అది తెరచాపే. ఒకసారి నన్ను రెండు అడుగులు పక్కకు తోసింది. దిగి, కేప్ విప్పి చేతిలో పట్టుకొని, తడుస్తూ నడిచాను. ఇంకా ఉన్నాయి. హ్యాండిలుకు కట్టిన లైటు దాని కింద దాక్కుంటుంది. వెనక్కి చూద్దామని తల తిప్పితే టోపీ తిరగదు, ముఖం టోపీలోకి పోతుంది. పొట్టివాళ్లకు వెనక భాగం చక్రం దాకా వేలాడుతుంది కాబట్టి లోపలి వైపు ఒక నాడా కుట్టించి నడుముకు కట్టుకోవాలి, లేకపోతే ఊచల్లో పడుతుంది. సత్యనారాయణపురం, గవర్నర్‌పేట, మొగల్రాజపురం లాంటి ఇళ్ల మధ్య వీధుల్లో తిరిగేవాళ్లకు కేప్ చాలు. వంతెన దాటేవాళ్లకు చాలదు.

చివరికి కుట్టించాను. ఇది చెప్పడానికే ఇంత రాశాను.

వన్ టౌన్‌లో సంచులకు, గొడుగులకు బట్ట అమ్మే కొట్టుకు వెళ్లి, వెనక వైపు కోటింగ్ ఉన్న నైలాను బట్ట అడిగాను. కొనేముందు చేసే పరీక్ష ఒకటి ఉంది. బట్టను నోటికి ఆనించి గట్టిగా ఊదండి, అవతలికి గాలి వస్తే వద్దు. ఒక చిన్న ముక్క కొని ఇంటికి తెచ్చి, గిన్నె మీద దొప్పలా కట్టి నీళ్లు పోసి గంట ఉంచండి. అడుగున చెమ్మ తగలకపోతే అప్పుడు మిగతాది కొనండి. 58 అంగుళాల పన్నాలో మీటరుంపావు నాకు సరిపోయింది. పొట్టివాళ్లకు దక్కే లాభం ఇది ఒక్కటైనా ఉంది. పీవీసీ షీటు మాత్రం తీసుకోకండి. మడత దగ్గర పగులుతుంది, తొడకు అంటుకుంటుంది.

మా టైలరుబాబాయ్ పలచటి బట్టలు కుట్టే తన మిషను మీద కోటింగ్ బట్ట జారదని, ఆటోనగర్‌లో సీటు కవర్లు కుట్టే అతని పేరు చెప్పారు. రెక్సిను కుట్టే చెయ్యి గనక అతనికి ఇదేం కొత్త కాలేదు. గుండుసూదులు గుచ్చకుండా బట్టల క్లిప్పులతో పట్టి ఉంచాడు. కుట్టు పొడవు పెంచాడు. చిన్న కుట్టయితే చిల్లులు ఎక్కువ, పెద్ద కుట్టయితే తక్కువ. పాలిస్టరు దారమే వాడాడు. కాళ్ల మధ్య నాలుగు కుట్లూ ఒక బిందువు దగ్గర కలవకుండా, పైజమాకు వేసినట్టు ఒక చౌకపు ముక్క వేయమన్నాను. దానితో కుట్లు సీటు ఒరుసుకొనే చోటు నుంచి పక్కకు జరిగాయి. తొడ పైభాగం మీద కుట్టే లేదు. పక్క కుట్టును వెనక్కి తిప్పించాను, వాన సూటిగా పడేది తొడ మీదే కాబట్టి. మోకాలి దగ్గర రెండు చిన్న మడతలు నా మోకాలు ఎక్కడుందో అక్కడే. రైజు నేను కూర్చున్నప్పుడు కొలిచింది. నడుముకు నాడా, కుడి చీలమండకు వెల్క్రో.

కుట్ల లోపలి వైపు సూది చిల్లులు పూడ్చే సీమ్ సీలరు ట్యూబు పూసి ఒక రాత్రంతా ఆరబెట్టాను. ఈ పని మానేస్తే మిగతా శ్రమంతా వృథా. నేను మొదట మానేశాను. మొదటి ముసురులోనే కుట్ల వెంట సన్నగా తడి గీతలు తేలాయి. తరువాత పూసి మళ్లీ వెళ్తే పొడిగా ఉన్నాయి.

బట్ట, కుట్టుకూలి, ట్యూబు అన్నీ కలిపితే మంచి రెడీమేడ్ సెట్టు ధరకు కాస్త ఎక్కువే అయింది. పది రోజులు తిరగాల్సి వచ్చింది. జులై మధ్యాహ్నం వేసుకుంటే ఇందులోనూ ఉక్కపోస్తుంది, ఆ వానకు కేప్‌ను మించింది లేదు, అది సంచిలోనే ఉంచుకుంటాను. కాని నవంబరు ముసురులో బ్యారేజీ మీద పక్కగాలి కొడుతున్నప్పుడు, మోకాలు లేచిన ప్రతిసారీ బట్ట ఎక్కడా పట్టకుండా, ముడవకుండా మోకాలితోపాటే కదులుతుంటే, ఇన్నేళ్లూ తప్పు నా కాళ్లదని ఎందుకనుకున్నానా అనిపించింది. నిజానికి కాళ్లు సరిగ్గానే ఉన్నాయి.

రోజూ తొక్కేవాళ్లు కుట్టించుకోండి. వారానికి ఒకటి రెండుసార్లు తొక్కేవాళ్లకు రైజు చూసి కొన్న రెడీమేడ్, కింద 4 సెంటీమీటర్లు అదనంగా ఉంచి కోయించుకున్నది చాలు. టైలరుకు మూడు అంకెలు కాగితం మీద రాసి ఇవ్వండి: పుస్తకంతో కొలిచిన లోపలి పొడవుకు 4 కలిపినది, కూర్చొని కొలిచిన రైజు, నడుము నుంచి మోకాలి చిప్ప మధ్య దాకా. ఈ మూడోది అడగకుండా కత్తెర పట్టుకుంటే ఆపండి. తడిసిన ప్యాంటును ఎండలో వేయకండి, ఇస్త్రీ అసలే వద్దు, నీడలో వేలాడదీస్తే తెల్లారేసరికి ఆరిపోతుంది. నా పాత రెడీమేడ్‌లో కాళ్ల గొట్టాలు రెండూ కోసుకున్నాను, పారేయలేదు. ఒకటి సైకిలు సీటుకు తొడుగైంది, రెండోదాన్ని చీల్చి బూట్ల మీదకు పట్టీలు చేసుకున్నాను.