అడవిలో వీర్య పరీక్ష: చిన్న యంత్రమా, మైక్రోస్కోపా?

అరుదైన జంతువుల వీర్యం పరీక్షించడానికి అడవికి ఒక్క పరికరమే వెంట తీసుకెళ్లాలంటే నా ఓటు బ్యాటరీతో నడిచే మామూలు మైక్రోస్కోప్‌కే. టాబ్లెట్‌కి తగిలిస్తే శుక్రకణాల కదలికను కాసేపట్లోనే అంకెల్లో చూపించే చిన్న యంత్రాలు వచ్చాక కూడా ఇదే మాట అంటాను.

యంత్రం గొప్పతనం ఒప్పుకోవాల్సిందే. పక్కన జంతువు మత్తులో ఉంటుంది, అందరూ టెన్షన్‌లో ఉంటారు. ఒకే చుక్కను చూసి ఒకరు 60 శాతం కదులుతున్నాయంటే ఇంకొకరు 75 అంటారు. యంత్రమైతే వీడియో తీసి, ఒక్కో శుక్రకణం వెళ్లిన దారినీ వేగాన్నీ కొలుస్తుంది. ఒకే మగజంతువును ఏళ్ల తరబడి గమనిస్తున్నప్పుడు ఇలాంటి కొలతలకు విలువ ఎక్కువ.

చిక్కంతా సెట్టింగులతోనే. యంత్రంలోని సెట్టింగులు ఎక్కువగా ఎద్దు, పంది, గుర్రం లాంటి వాటికి కుదిర్చినవి. శుక్రకణం తల ఎంత ఉండాలి, ఎంత వేగం ఉంటే కదిలినట్టు అన్నవి జాతిని బట్టి మారతాయి. అరుదైన జంతువుకు వాటిని ముందుగా ఎవరో తేల్చి ఉండాలి. లేకపోతే చెత్త నలుసు కూడా కదలని శుక్రకణంగా లెక్కలోకి వచ్చేస్తుంది. కప్పల్లో హార్మోన్ ఇచ్చాక శుక్రకణాలు మూత్రంతో కలిసి వస్తాయి. అక్కడ నలుసులకు కొదవుండదు. మనిషి కన్ను తేడా పట్టేస్తుంది.

ఆకారం సంగతి మరీ ముఖ్యం. చీతాల్లో సుమారు 70 శాతం శుక్రకణాలు వికృతంగానే ఉంటాయి. కదలికను మాత్రమే కొలిచే యంత్రానికి చుట్టుకుపోయిన తోక కనబడదు. మైక్రోస్కోప్ ఉంటే అక్కడే కొంత తెలుస్తుంది, కొన్ని చుక్కలు పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేసి పెడితే తర్వాత తీరిగ్గా లెక్కపెట్టవచ్చు.

ఏది వాడినా, క్షీరదాల వీర్యమైతే స్లైడ్ వెచ్చగా, దాదాపు 37 డిగ్రీల దగ్గర ఉండాలి. చల్లబడితే శుక్రకణాలు మందగిస్తాయి, తప్పు జంతువుదనుకుంటాం.

యంత్రం కొనలేనివాళ్లు మైక్రోస్కోప్ కంటిభాగానికి ఫోన్ బిగించి వీడియో తీసుకోవచ్చు. స్పష్టంగా వస్తే తర్వాత ల్యాబ్‌లో సాఫ్ట్‌వేర్‌తో కొలిపించవచ్చు. నాకు ఇదే అన్నిటికన్నా నచ్చిన దారి.

2018లో సుడాన్ అనే చివరి మగది చనిపోయాక ఉత్తర తెల్ల ఖడ్గమృగాల్లో మిగిలినవి రెండు ఆడవే. ఇప్పుడు పిండాలు తయారుచేస్తున్నది చనిపోయిన మగవాటి నుంచి దాచిన వీర్యంతోనే. అందుకే తెరమీద అంకె తక్కువొచ్చిందని ఏ నమూనానూ పారబోయకండి. ముందు ఒకసారి కళ్లతో చూడండి.