చిన్న ముఖాలకూ కుదిరే ఎన్-95: త్రీఎం 1860ఎస్

కోవిడ్ వార్డులో పనిచేసిన నర్సుగా, ఏ మాస్కు చేతికిచ్చినా నేను మొదట చూసేది దాని అంచులు ముఖానికి ఎంత బాగా పట్టుకుంటున్నాయన్నదే. అసలైన ప్రతి ఎన్-95 మాస్కూ గాలిలోని సూక్ష్మకణాలలో కనీసం 95 శాతాన్ని ఆపుతుంది. అయితే చెంప పక్కన సన్నని సందు మిగిలినా, పీల్చే గాలి వడపోత పొరను తప్పించుకుని అక్కడినుంచే లోపలికి వస్తుంది.

అందుకే త్రీఎం కంపెనీ 1860 మాస్కులో ఎస్ పేరుతో చిన్న సైజు విడిగా దొరకడం నాకు అన్నిటికన్నా నచ్చింది. నర్సులలో ఎక్కువమంది స్త్రీలే అయినా అందరికీ ఒకే సైజు పెట్టెలు తెప్పించే ఆసుపత్రులున్నాయి, ఇది నిజంగా బాధాకరం. గిన్నె ఆకారంలోని ఈ మాస్కు పై పట్టీ తల వెనుక ఎత్తుగా, కింది పట్టీ చెవుల దిగువన మెడ వెనుక పడతాయి. ముక్కు మీది రేకును రెండు చేతుల వేళ్లతో నొక్కి, అరచేతులతో మాస్కును కప్పి ఊపిరి వదిలినప్పుడు కళ్లకు గాలి తగలకపోతే కుదిరినట్టే. రక్తపు తుంపరలు లోపలికి ఇంకకుండా అడ్డుకుంటుంది. వదిలిన ఊపిరిని వడపోయకుండా బయటికి పంపే వాల్వు దీనికి లేదు కనుక మన ఊపిరి నుంచి రోగికీ రక్షణ ఉంటుంది. వాల్వు మాస్కులు వద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 జూలైలోనే రాష్ట్రాలకు రాసింది.

ఇంత బిగుతైన మాస్కు ఏ కంపెనీదైనా గంటల తరబడి తీయకపోతే ముక్కు దూలం మీద చర్మం కమిలిపోతుంది. కాబట్టి యాజమాన్యాలు రెండు సైజులూ కొని, మాస్కు ముఖానికి సందు లేకుండా కుదిరిందో లేదో చూసే ఫిట్ టెస్టును ప్రతి ఉద్యోగికీ చేయించి, డ్యూటీ మధ్యలో మాస్కు తీసి నీళ్లు తాగేందుకు సురక్షితమైన గదిని, సమయాన్ని తప్పక కల్పించాలి.