పోచంపల్లి, పుట్టపాక: చీరల కోసం రెండు రోజులు

చెల్లెలి పెళ్లి చీరల కోసం వదినా నేనూ నల్లగొండ నుంచి బయలుదేరాం. ఒకరోజు భూదాన్ పోచంపల్లి, మర్నాడు పుట్టపాక. 2016 దాకా రెండూ మా జిల్లా ఊళ్లే. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నాయి.

హైవే పక్క షాపులో ఆగడం మా పొరపాటు. ఇక్కత్ అని చెప్పి ఇచ్చిన చీర కారులో తిప్పి చూస్తే వెనక రంగు వెలవెలబోతోంది. అది ప్రింట్. వాపసు తీసుకోలేదు. ఇక్కత్‌లో నూలుకే ముందు రంగులద్దుతారు, అందుకే రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. కొనేముందు తిప్పి చూడండి.

పోచంపల్లిలో షోరూములకన్నా లోపలి వీధులే చూడాలి. ఒక ఇంట్లో మగ్గం చప్పుడు విని అడిగితే రమ్మన్నారు. ఆయన నేస్తున్నాడు, ఆయన భార్య ఆసు యంత్రం దగ్గర ఉంది. ఆసు అంటే రంగులద్దే ముందు నూలును మేకుల చుట్టూ వరసగా పోయడం. చేత్తో ఆసు పోస్తే ఒక్క చీరకు దాదాపు తొమ్మిది వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. తల్లి లక్ష్మి పడే ఆ బాధ చూడలేకనే చింతకింది మల్లేశం ఈ యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

"మిషిన్ వచ్చినంక భుజం నొప్పి తగ్గిందక్కా. చిటికి గూడ నేనే కడ్త, కండెలు నేనే చుడ్త" అంది ఆ ఇల్లాలు. చిటికి అంటే రంగు అంటకుండా నూలుకు కట్టే కట్లు, కండెలు అంటే నేతకు నూలు చుట్టే పుల్లలు. అందులో నీ కూలి ఎంత అని వదిన అడిగింది. "నాకు వేరే లెక్క ఏముంటది? చీరకింత అని ఇంటికిస్తరు." ఆ మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు. సగం పైన పని ఆమెదే, నేతగాడన్న పేరు మాత్రం ఆయనకే. మగ్గం మీది చీర కొంటామంటే ఇవ్వలేమన్నారు, ఆ నూలు కూలికిచ్చి నేయించుకునే సేటుదట. చివరికి సహకార సంఘం దుకాణంలో రెండు కొన్నాం. రేటు రాసి ఉంది, బేరం లేదు.

రాత్రికి చౌటుప్పల్‌లో లాడ్జి. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు మాత్రం అడిగి తెప్పించుకోవాలి.

పుట్టపాకకు సొంత బండి ఉంటే మేలు. నూనె పట్టించిన నూలుతో నేసే ఇక్కడి తేలియా రుమాల్‌కు 2020లో జీఐ (ఫలానా చోటి సరుకు అనే) గుర్తింపు వచ్చింది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పిసుకుతారు. మేం వెళ్లిన ఇంట్లో ఆ పని చేసేది అత్తాకోడళ్లే. వాళ్ల చేతులు, గుమ్మం, ఆఖరికి మాకు పోసిన టీ గ్లాసు కూడా ఆ నూనె వాసనే. ఎరుపు, నలుపు, తెలుపు గళ్లు చూశాక ఆ వాసన ఎందుకో అర్థమైంది.

వీళ్లు నూలు సొంతంగానే కొంటారట, అందుకే అక్కడే ఒక చీరకు ఆర్డర్ ఇచ్చాం. వదిన అడ్వాన్సు కోడలి చేతికే ఇచ్చింది. రెండు నెలలు పడుతుందన్నారు. పెళ్లి మాఘంలో కాబట్టి టెన్షన్ లేదు.